గృహవిజ్ఞానము: పాటను దాచుకొను పెట్టె



మన యిండ్లలో నగలకు పెట్టె గలదు, పట్టుచీరలకు బీరువా గలదు, ఆవకాయకు జాడి గలదు. వస్తువునుబట్టి పాత్రను నిర్ణయించుట ఇల్లాలికి ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అయినను పాటను దాచు విషయమున మాత్రము మనము పాత్రను గూర్చి యాలోచించుట లేదు. అమ్మమ్మ పాడిన మేలుకొలుపు, మేనత్త పాడిన మంగళహారతి, పసివాని తొలిపలుకులు అన్నియు నేడు సెల్‌ఫోనులోనికే చేరుచున్నవి. అవి యే రూపమున చేరుచున్నవో, ఇరువదియేండ్ల పిమ్మట తెరచుకొనునో లేదో విచారించువారు అరుదు. ఈ మాసము ఆ సంగతి ముచ్చటింతము.

యంత్రము ధ్వనిని అంకెలుగా మార్చి దాచుకొనును. సీడీలో సెకండునకు 44,100 పర్యాయములు ధ్వనిని కొలిచి వ్రాయుదురు. అట్టి పాట నిమిషమునకు సుమారు 10 మెగాబైట్ల చోటు పట్టును. ఇది మిక్కిలి యెక్కువ గనుక కుదించు పద్ధతులు పుట్టినవి. చెవికి అంతగా తెలియదనుకొన్న భాగమును పారవైచి చిన్నది చేయుట యొక పద్ధతి. ఎంపీత్రీ, ఆగ్ వోర్బిస్ అను రూపములు ఇట్టివి. ఏమియు పారవేయక, చీరను మడిచినట్లు మడిచి, విప్పినపుడు మునుపటి రూపమే వచ్చునట్లు చేయుట రెండవ పద్ధతి. ఫ్లాక్ అను రూపము ఇట్టిది.

ఇంతకన్న ముఖ్యమైన భేదము మరియొకటి గలదు. ఎంపీత్రీపై పేటెంటు హక్కులుండెను. 1998లో జర్మనీయందలి ఫ్రౌన్‌హోఫర్ సంస్థ, ఆ పద్ధతితో సాఫ్ట్‌వేరు వ్రాయువారు రుసుము చెల్లింపవలెనని లేఖలు పంపెను. అందులకు మారుగా క్రిస్ మాంట్‌గొమరీయు, ఆయన సహచరులును ఎవరి యనుమతియు, ఏ రుసుమును అక్కరలేని వోర్బిస్‌ను రూపొందించి, 2002లో దాని తొలి పూర్ణరూపమును వెలువరించిరి. ఫ్లాక్‌ను జోష్ కోల్సన్ 2001లో లోకమునకిచ్చెను. దాని నిర్మాణక్రమ మంతయు బహిరంగము. 2024లో అది ఇంటర్నెట్ ప్రమాణపత్రముగా గూడ ప్రకటితమైనది. వీనిని మన మానికతో పోల్చవచ్చును. మానిక కొలత యందరికిని తెలియును గనుక ఏ కంచరియైనను చేయగలడు. ఒక దుకాణము మూతపడినంత మాత్రమున మన బియ్యము కొలువకుండ నిలిచిపోదు.

ఇట్టివి ఉచితముగా లభించుచుండగా సంగీత సాఫ్ట్‌వేరు అమ్ము వర్తకులు వానిని వెంటనే చేర్చుకొనిరా? లేదు. ఆపిల్ సంస్థ 2003లో ఐట్యూన్స్ అంగడి తెరచి, తాళము వేసిన పాటలను అమ్మెను. 2004లో ఫ్లాక్‌ను చేర్చుకొనుటకు బదులు, ఏమియు పారవేయని తన సొంత రూపమును వేరుగ తెచ్చెను. ఆ రూపమును బహిరంగపరచినది 2011లో. పాటల తాళములు 2009లో తీసివైచెను. ఐఫోను స్వయముగ ఫ్లాక్‌ను వినిపించుట 2017లోగాని జరుగలేదు. మైక్రోసాఫ్ట్ వారు గూడ 2015లో విండోస్ 10తోగాని ఫ్లాక్‌ను స్వయముగ ఆదరింపలేదు. కొన్న సరకు తమ వాకిలి దాటి పోకుండుట వర్తకునకు లాభమే. ఆ లాభము మనకు నష్టము గాకుండ చూచుకొనుట మన పని.

ఆ నష్ట మెట్టిదో చూడుడు. మైక్రోసాఫ్ట్ వారు 2004లో ఎమ్మెసెన్ మ్యూజిక్ అను అంగడి తెరచి 2006లో అమ్మకము మానిరి. 2008 ఏప్రిలులో, ఆ యేటి ఆగస్టు దాటిన పిమ్మట తాళపుచెవు లియ్యజాలమని ప్రకటించిరి. అనగా వెల యిచ్చి కొన్న పాటయైనను, కంప్యూటరు మార్చినచో మూగపోవును! కొన్నవారు గగ్గోలు పెట్టగా 2011 చివరివరకు గడువు పెంచిరి.

ఇచట ఒక సూక్ష్మమును గమనింపవలెను. స్పాటిఫై వారు మొదటినుండియు వోర్బిస్ రూపమును వాడుచున్నారు. కాని అందు దింపుకొన్న పాట తాళములోనే యుండును. చందా నిలిచినచో పాటయు నిలిచిపోవును. కావున రూపము బహిరంగమైనచో చాలదు, తాళమును లేకుండవలెను.

ఇక మన మేమి చేయవలెను? పాత సెల్‌ఫోనులు ధ్వనిని ఏఎంఆర్ అను రూపమున దాచెడివి. అది మాటలకై యేర్పడినది. పాటలోని సొగసును నిలుపజాలదు. నేటి ఫోనులో వేవ్ గాని ఫ్లాక్ గాని యెంచుకొను వీలున్నచో దానినే యెంచుకొనుడు. ఒకమారు పారవేయబడిన ధ్వని, పిమ్మట ఫ్లాక్‌గా మార్చినను తిరిగి రాదు. కనుక మొదటి ప్రతిని తుడిచివేయకుడు. ఎంపీత్రీ రుసుముల యేర్పాటు 2017లో ముగిసినది గనుక, ఆ రూపముననున్న పాటలనుగూర్చి దిగులు వలదు. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో వీని నన్నిటిని తెరచి దిద్దుకొనవచ్చును.

వెల పెట్టి సంగీత సాఫ్ట్‌వేరు కొనబోవునపుడు రెండు ప్రశ్న లడుగుడు: ఫ్లాక్, ఆగ్ ఫైళ్లను ఇది తెరచునా? నా పాటలను ఆ రూపములలో మరల నా చేతి కిచ్చునా? రెండవదానికి సూటియైన యుత్తరము రానిచో డబ్బు ముట్టచెప్పవలదు. కొనువారడుగనిదే అమ్మువారు మారరు.

ఇంటి పాటలను రెండు వేర్వేరు చోట్ల దాచుడు. ప్రతి ఫైలునకు పాడినవారి పేరును, ఊరును, సంవత్సరమును తెలుగులో వ్రాసిపెట్టుడు. పెద్దవారు పాడగలిగియుండగనే ఈ పని కానిండు. వచ్చు శ్రావణమాసపు పేరంటమున, పాట వచ్చిన ముత్తైదువను ఒక్కరినైనను కూర్చుండబెట్టి పాడించి దాచుకొనుడు.