నీలం తలుపు ముందు కార్నివాల్

బ్రిటిష్ రొమాంటిక్ కామెడీకి పేరడీ రాయడం చాలా ఈజీ అనుకుంటాం. హీరోకి జుట్టు రేపాలి, ప్రతి డైలాగ్‌కి ముందు మూడు 'సారీ'లు పెట్టాలి, క్లైమాక్స్‌లో వాన కురిపించాలి, అంతే. నా ఉద్దేశంలో అది పేరడీ కాదు, పొగడ్త.

ఎందుకంటే ఆ సినిమాలు తమని తాము ముందే వెక్కిరించుకుంటాయి. రిచర్డ్ కర్టిస్ రాసిన 'ఫోర్ వెడ్డింగ్స్ అండ్ ఎ ఫ్యూనరల్' (1994)లో హ్యూ గ్రాంట్ పెళ్ళికి లేటుగా పరిగెడతాడు, అనకూడని మాట అంటాడు, తన మీద తనే జోకు వేసుకుంటాడు. అలాంటివాణ్ణి మనం కొత్తగా ఏం ఏడిపిస్తాం? ఆ తడబాటే అతని కవచం.

పైపై పేరడీ ఎందుకు పనికొస్తుందో 2019 డిసెంబర్‌లో తెలిసింది. 'లవ్ యాక్చువల్లీ' (2003)లో ఒకడు తన ఫ్రెండ్ భార్య గుమ్మం ముందు నిలబడి, నోరు మెదపకుండా, అట్టల మీద రాసి ప్రేమ చెప్తాడు కదా. బోరిస్ జాన్సన్ అదే సీన్‌ని అనుకరించి ఎన్నికల యాడ్ చేశారు. ఓట్ల కోసం! అప్పుడు హ్యూ గ్రాంట్ ఒకటి పట్టుకున్నాడు: క్రిస్మస్‌కి నిజమే చెప్పాలనే అట్ట ఒరిజినల్‌లో ఉంది, ఈ యాడ్‌లో లేదు అని. సీన్ మొత్తం కాపీ కొట్టిన యాడ్ ఎవర్నీ గుచ్చలేదు. లేని అట్టని చూపించిన ఆ ఒక్క మాట గుచ్చింది.

నేను చెప్పేది కూడా అదే. సినిమాలో ఉన్నదాన్ని పెద్దది చేస్తే మిమిక్రీ అవుతుంది. లేనిదాన్ని ఫ్రేమ్‌లోకి లాగితేనే పేరడీ.

'నాటింగ్ హిల్' (1999)లో ఏం లేదు? లండన్‌లోని ఆ పేటలో కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు 1950ల నుంచే స్థిరపడ్డాయి. 1958లో వాళ్ళ మీద దాడులు జరిగాయి. 1960ల నుంచి అక్కడి వీధుల్లో కార్నివాల్ జరుగుతోంది, ఇప్పటికీ ఆగస్టు చివర్లో లక్షల మంది వస్తారు. సినిమాలో హీరో ట్రావెల్ పుస్తకాల కొట్టు నడుపుతాడు. దేశదేశాల పుస్తకాలు అమ్ముతాడు గానీ, సముద్రం దాటొచ్చిన ఆ పక్కింటివాళ్ళు మాత్రం మనకి దాదాపు కనబడరు. తన సినిమాల్లో ఈ లోటు ఉందని 2023లో కర్టిసే ఒప్పుకున్నాడు.

అందుకే నేను రాస్తే పేరడీ ఇలా ఉంటుంది. హీరోయిన్ ఊరు వదిలి వెళ్ళిపోతోంది. హీరో నీలం తలుపు తీసుకుని పరుగున బయటికొస్తాడు. ఆ రోజు కార్నివాల్! వీధి నిండా డ్రమ్ములు, ఈకల కిరీటాలు, లారీల మీద స్పీకర్లు. "సారీ... సారీ... నేను ప్రేమలో ఉన్నాను" అంటూ దూరబోతాడు. అరవై ఏళ్ళుగా అదే వీధిలో ఉంటున్న ఓ బామ్మ ఆపుతుంది: "మేమూ ఉన్నాం నాయనా. లైన్లో రా." హీరో మళ్ళీ సారీ చెప్తాడు. "దేనికి?" అంటుంది. మొదటిసారి అతని దగ్గర జవాబుండదు. ఇక కెమెరా ఆ బామ్మ వెంట వెళ్ళిపోతుంది. ఆమె పెళ్ళి కథ ఇతని కథకంటే బాగుంటుంది.

ఇంత సీరియస్ విషయం పెడితే కామెడీ చచ్చిపోతుంది కదా అనొచ్చు. నాకలా అనిపించదు. తనే కథకి కేంద్రం అనుకున్నవాడు గుంపులో ఇరుక్కోవడం కంటే పెద్ద కామెడీ ఏముంటుంది?

ఇది లండన్ గొడవే అనుకోనక్కర్లేదు. 'సుడిగాడు' (2012) చూసి మన మాస్ హీరోల మీద పడీ పడీ నవ్వాం. ఆ తర్వాత ఒక్క స్లో మోషన్ నడకైనా తగ్గిందా? మన ఫెస్ట్ స్కిట్లలో కూడా హీరో నడకని ఇమిటేట్ చేసి ఆగిపోతాం. ఈసారి స్కిట్ రాసేవాళ్ళకి ఒక్కటే రిక్వెస్ట్: హీరో ఫ్రెండ్‌కి ఒక పేరు పెట్టండి. వీలైతే ప్రపోజల్ మధ్యలో అతనికి ఒక సొంత పని కూడా ఇవ్వండి.