సైలెన్సర్ మారింది... తలనొప్పి మొదలైంది!

బచ్చన్నపేట నుంచి ఓ కుటుంబం పొద్దున్నే కారులో హైదరాబాద్ బయల్దేరిందనుకోండి. నాయనమ్మను బీపీ డాక్టరుకు చూపించాలి. స్టీరింగ్ దగ్గర డిగ్రీ చదివే కొడుకు, పక్కన నాన్న. వెనక సీట్లో నాయనమ్మ, అమ్మ, వాళ్ల మధ్య చిన్నపాప. కారు సెకండ్ హ్యాండ్‌ది. కొడుకు ముచ్చటపడి పోయిన నెలలోనే సైలెన్సర్ మార్పించాడు. ఊళ్లో రెండు చక్కర్లు కొడితే దోస్తులంతా ‘సౌండ్ మస్తుంది’ అన్నారు. జనగామలో జాతీయ రహదారి ఎక్కి కారు ఒకే వేగం అందుకోగానే అసలు కథ మొదలైంది. గుంయ్‌మంటూ ఆగకుండా ఒకటే మోత. వెనక వాళ్ల మాట ముందుకు వినపడదు. పాటల సౌండ్ పెంచారు. ఆలేరు రాకముందే నాయనమ్మ, ‘జర బండి ఆపు బిడ్డా, తలకాయంతా దిమ్మెక్కుతున్నది’ అంది. పాపకు వాంతి వచ్చినట్లయింది. అందరూ అది ప్రయాణ బడలిక అనుకున్నారు.

అది బడలికే కావచ్చు. కానీ డబ్బు పెట్టి తెచ్చుకున్న బడలిక. మీ ఇంట్లో ఇలాంటి కారు ఉంటే ఈ వారం కాసేపు దాని గురించి ఆలోచించండి. ఎందుకంటే సైలెన్సర్ మోత కుర్రాళ్ల సరదా, పోలీసుల చలానా వ్యవహారం మాత్రమే కాదు. ముందుగా అది ఆ కారులో కూర్చున్న వాళ్ల ఆరోగ్య సమస్య. దీన్ని సరిచేయడానికి పెద్దగా ఖర్చు కూడా అక్కర్లేదు.

ఆ మోత ఎక్కడిది?

నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కసారి తిరిగితే రెండుసార్లు పేలుడు జరుగుతుంది. నిమిషానికి 2,400 సార్లు తిరుగుతుంటే సెకనుకు 80 పేలుళ్లు. మూడు సిలిండర్ల చిన్న కారయితే నిమిషానికి 3,000 చుట్ల దగ్గర సెకనుకు 75. అంటే పొగ గొట్టం నుంచి వచ్చేది 75, 80 హెర్ట్‌జ్‌ల బొంగురు శబ్దం. సరిగ్గా ఈ శబ్దానికే మన కారు లోపలి పొడవు అతికినట్లు సరిపోతుంది. ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా ఉండే రెండు మీటర్ల పైచిలుకు జాగాలో ఆ శబ్దం అటూ ఇటూ కొట్టుకుని రెట్టింపవుతుంది. ఖాళీ బిందెలో నోరు పెట్టి మాట్లాడితే ఒక్కో స్వరం దగ్గర బిందె మారుమోగుతుంది కదా, అదే పద్ధతి. అందుకే ఊళ్లో ముద్దుగా వినిపించిన సౌండు హైవే మీద ఒకే వేగంలో భరించలేని మోతవుతుంది.

కంపెనీ సైలెన్సర్‌లో గదులు, చిల్లుల గొట్టాలు ఊరికే పెట్టరు. ఈ బొంగురు శబ్దాన్ని మింగడానికే వాటిని లెక్క కట్టి అమరుస్తారు. వాటిని తీసేసి ఖాళీ గొట్టం బిగిస్తే మోత తప్పదు.

ఫోన్ చెప్పే లెక్క నమ్మొచ్చా?

‘ఫోన్‌లో యాప్ పెట్టి చూశాం, 70 డెసిబెల్స్ కూడా లేదు’ అంటారు కొందరు. ఇక్కడో మెలిక ఉంది. ఇలాంటి యాప్‌లు, మీటర్లు మామూలుగా మన చెవి తీరుకు తగ్గట్టు బొంగురు శబ్దాలను తగ్గించి లెక్క వేస్తాయి. 80 హెర్ట్‌జ్‌ల దగ్గర ఆ తగ్గింపు 22 డెసిబెల్స్‌కు పైనే. అంకె చిన్నగా కనిపిస్తుంది గానీ, ఛాతీకీ తలకూ తెలిసే అదురు అలాగే ఉంటుంది. కాబట్టి యాప్ చెప్పే అంకె కంటే వెనక సీట్లో కూర్చున్న వాళ్ల మాటే ఎక్కువ నమ్మండి.

రోజుకు 8 గంటలు 85 డెసిబెల్స్ మించిన శబ్దం వింటూ ఉంటే చెవికి ముప్పని వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్క కట్టారు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2 గంటలే. కారులో సైలెన్సర్ మోత చాలాసార్లు ఈ హద్దును తాకకపోవచ్చు. కానీ దాన్ని కప్పేయడానికి మనం పాటల సౌండ్ పెంచుతాం. ముప్పు అక్కడుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి వెంట్రుకల కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు.

చెవి సంగతి అలా ఉంచితే, ఆగని మోతకు శరీరం మొత్తం స్పందిస్తుంది. ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, గుండె వేగం, రక్తపోటు ఎక్కువవుతాయి. చిరాకు, తల బరువు, అలసట వస్తాయి. అలసిన డ్రైవరుకు రెప్ప వాలుతుంది. వెనక అంబులెన్స్ సైరన్ మోగినా వినపడదు. బీపీ చూపించుకోవడానికి బయల్దేరిన పెద్దావిడను రెండు గంటలకు పైగా ఈ మోతలో కూర్చోబెట్టి తీసుకెళ్లడం ఎంత విడ్డూరమో ఆలోచించండి.

తలనొప్పికి ఇంకో కారణం ఉంటే?

సైలెన్సర్ విప్పి బిగించిన చోట అతుకు సరిగా కుదరకపోతే, గ్యాస్కెట్ కాలిపోతే మోతతో పాటు పొగ కూడా లీకవుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం దాని తొలి లక్షణాలు. ప్రయాణంలో వచ్చే వాంతులని పొరబడటం చాలా తేలిక.

గుర్తు ఒకటే. కారులో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలై, దిగి గాలి పీల్చుకోగానే తేలికపడితే అనుమానించాలి. వెంటనే కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, అందరూ కిందికి దిగండి. ఎవరైనా మత్తుగా, తికమకగా ఉంటే 108కి ఫోన్ చేయండి. లీకు సరిచేయించే దాకా ఆ కారులో ఎవరినీ ఎక్కించొద్దు. సైలెన్సర్‌తో పాటు క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ తీయించిన వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈ విషవాయువును తగ్గించే భాగం అదే.

తక్కువ ఖర్చుతో ఏం చేయొచ్చు?

ఖర్చు లేని పనితో మొదలుపెట్టండి. మోత నిజంగా సైలెన్సర్‌దేనా? ఆరుబయట కారు నిలిపి, న్యూట్రల్‌లో మెల్లగా ఎక్సలరేటర్ నొక్కి చూడండి. షెడ్డులో, మూసిన చోట మాత్రం వద్దు. హైవే మీద మోత వచ్చే చుట్ల దగ్గరే ఇక్కడా వస్తే అది పొగ గొట్టం వైపు సమస్య. నిలిపిన కారులో రాకుండా, వేగాన్ని బట్టి మాత్రమే పెరుగుతుంటే టైర్లు, వీల్ బేరింగ్ చూపించాలి. అప్పుడు సైలెన్సర్ మీద పెట్టే ఖర్చంతా దండగే.

తర్వాత చిన్న మరమ్మతులు. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు గట్టిపడినా, తెగినా గొట్టం కారు అడుగుకు తగిలి అదురు లోపలికి వస్తుంది. ఇంజిన్ మౌంటింగులు అరిగినా అంతే. రబ్బర్లు, గ్యాస్కెట్, వదులైన క్లాంపులు, గలగలలాడే రేకు కవర్లు... ఇవన్నీ ఏ ఊరి మెకానిక్ అయినా సరిచేయగలిగినవే. ఈ పనితోనే చాలా కార్లలో మోత కొంత దిగుతుంది, పొగ లీకు భయమూ పోతుంది.

మూడోది అసలు మందు. పాత సైలెన్సర్ తిరిగి బిగించండి. అది ఇంట్లో అటక మీద ఉందేమో, మార్చిన మెకానిక్ దగ్గరే పడి ఉందేమో అడగండి. దొరక్కపోతే అదే మోడల్ కారుకు సరిపోయేది సెకండ్ హ్యాండ్ విడిభాగాల దుకాణాల్లో వెతకండి. తుప్పు, చిల్లులు లేవని చూసి తీసుకోండి. కొత్తగా ఇంకేవేవో కొనడం కంటే ఇదే చవక, ఇదే నమ్మకమైన దారి.

ఇక మెకానిక్‌లు చెప్పే ఇతర ఉపాయాలు. పక్కకు ఒక మూసిన గొట్టం అతికించి మోతను మింగించే పద్ధతి ఉంది. ఆ గొట్టం పొడవు శబ్దం తరంగంలో నాలుగో వంతు ఉండాలి. అంటే మీటరుకు పైనే. కొలత తప్పితే డబ్బు పోతుంది, మోత పోదు. పైగా అది ఇంకో మార్పు, దానికీ చట్టం అడ్డొస్తుంది. డిక్కీలో, కాళ్ల కింద మందపాటి మ్యాట్లు, డ్యాంపింగ్ షీట్లు వేస్తే రేకుల అదురు తగ్గుతుంది గానీ బొంగురు మోత పెద్దగా ఆగదు. మోత పోయాక మిగిలిన చప్పుడుకు అవి పనికొస్తాయి. చెవుల్లో దూది పెట్టుకుని నడపడం మాత్రం వద్దే వద్దు.

మరమ్మతు అయ్యేదాకా మోత ఏ చుట్ల దగ్గర ఎక్కువో గమనించి, గేరు మార్చి లేదా వేగం కాస్త తగ్గించి ఆ చోటు తప్పించండి. పొగ లీకు లేదని తేలిన కారుకే ఈ మాట వర్తిస్తుంది.

మన కారు, పక్కింటి నిద్ర

ఆ మోత మన కారులోనే ఆగిపోదు. జనగామ నుంచి చేర్యాల వైపు వెళ్లే దారిలో బచ్చన్నపేట లాంటి ఊళ్లలో ఇళ్లు రోడ్డును ఆనుకునే ఉంటాయి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న దర్శనానికి వెళ్లే బండ్లు సరేసరి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించకూడదు. నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించే ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల లోపు ఇంకా తక్కువ. రోడ్ల మోత గుండెజబ్బులకు, నిద్రలేమికి దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఐరోపా దేశాలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో హెచ్చరించింది. అర్ధరాత్రి మన కారు వెళ్లిపోయాక కూడా ఉలిక్కిపడి లేచిన పసిపాప ఏడుస్తూనే ఉంటుంది.

చట్టం కూడా తేలిగ్గా వదలదు. మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షన్ ప్రకారం శబ్ద ప్రమాణాలు ఉల్లంఘిస్తే తొలిసారికే మూడు నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సుకూ మూడు నెలల అనర్హత. అనుమతి లేని మార్పుకు యజమానిపై ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ 182ఏ సెక్షన్‌లో ఉన్నాయి. తల్లిదండ్రులు ఒక మాట గమనించాలి. 190వ సెక్షన్ నడిపిన వాళ్లతో ఆగదు, నడపనిచ్చిన వాళ్లకూ వర్తిస్తుంది. హైదరాబాద్, విశాఖపట్నంలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించారు. అంతదాకా రానివ్వడం ఎందుకు?

ఇంట్లో కుర్రాడిని తిట్టి ఈ పని చేయించలేం. ఒక పని చేయండి. స్టీరింగ్ మీరు తీసుకుని, వాడిని ఓసారి వెనక సీట్లో నాయనమ్మ పక్కన కూర్చోబెట్టి జనగామ దాకా తీసుకెళ్లండి. పాటలు పెట్టొద్దు. దిగాక వాడినే అడగండి. పాత సైలెన్సర్ ఎక్కడుందో వాడే వెతుకుతాడు.