న్యాయపత్రికకు వ్యాసము పంపుట



మన యింట మతిస్థిమితము లేనిదని పేరుపడిన యాడుపడుచు ఒకతె యున్నదనుకొనుడు. ఆమె చేవ్రాలు చెల్లునా? తన వాటా భూమిని తానే యమ్ముకొనవచ్చునా? “దానికేమి తెలియును?” అని పెద్దలే నిర్ణయించుట మనమెరిగినదే. ఇంటింటి యీ ప్రశ్నయే అంతర్జాతీయ న్యాయపత్రిక కెక్కినది.

1998లో నెలకొన్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా షామీర్‌పేటయందున్నది. అచట బోధించిన ఆచార్య అమితా ధండాగారు వికలాంగుల హక్కులను గూర్చిన ఐక్యరాజ్యసమితి యొడంబడిక చర్చలలో పాల్గొనిరి. 2006 డిసెంబరు 13న ఆ యొడంబడిక యామోదింపబడెను. అందలి 12వ అధికరణమును గూర్చి వారు వ్రాసిన వ్యాసము 2007లో అమెరికాయందలి సిరక్యూస్ అంతర్జాతీయ న్యాయ వాణిజ్య పత్రికలో వెలువడెను. ఒకరికి బదులు మరియొకరు నిర్ణయించుట గాక, వారే నిర్ణయించుకొనుటకు తోడుపడవలయునని దాని సారము.

ఆ యధికరణపు ముసాయిదా యడుగున మొదట ఒక చిన్న సూచిక యుండెను. అరబ్బీ, చైనా, రష్యను భాషలలో “చట్టబద్ధ సామర్థ్యము” అనగా హక్కులు కలిగియుండుటయే గాని, వానిని స్వయముగ వినియోగించుట కాదని దాని భావము. అది నిలిచియుండిన హక్కు పేరునకే మిగిలెడిది. తుది యామోదమునకు ముందే దానిని తొలగించిరి.

కావున న్యాయశాస్త్రము చదువు మన బాలికలు అడుగు సూచికలను చులకన చేయరాదు. ప్రతి వాదమునకు ఆధారము చూపవలయును. అమెరికా పత్రికలు తరచుగ బ్లూబుక్ పద్ధతిని, ఇంగ్లండు పత్రికలు ఆస్కొలా పద్ధతిని కోరును. పంపబోవు పత్రిక నియమములను ముందుగ చదువుకొనుడు. రచయిత పేరెరుగక పరిశీలించు పత్రికకు పంపునపుడు వ్రాతప్రతిలో పేరు తీసివేయుడు. అమెరికాలో విద్యార్థులు నడుపు న్యాయపత్రికలు పెక్కింటికి ఒకేసారి పంపు ఆచారము కలదు. నిపుణులచే పరిశీలింపజేయు పత్రికలు సాధారణముగ దీని నొప్పుకొనవు. ఒకదాని జవాబు వచ్చిన పిదపనే మరియొకదానికి పంపవలయును. సొమ్ము కట్టినచో వారములో ప్రకటింతుమను వారిని నమ్మకుడు.

వ్యాసము తిరిగివచ్చిన కన్నీరు పెట్టనక్కరలేదు. పరిశీలకుల యాక్షేపణలను చదివి, దిద్ది, మరల పంపుడు.

భారతదేశము 2007లోనే ఆ యొడంబడికను ధ్రువీకరించెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాన చట్టబద్ధ సామర్థ్యము నంగీకరించియు, పరిమిత సంరక్షకత్వమును విడువలేదు. మన యాడుపడుచు ప్రశ్న యింకను తీరలేదు. దానిని గూర్చి వ్రాయవలసిన వ్యాసములు మన బాలికల కొరకే వేచియున్నవి.