జాబితాకు అడ్డొచ్చిన సూత్రం

అమెరికాలోని సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ గొడవల మాట వస్తే మన క్రైస్తవ వర్గాల్లో తరచూ ఒకే తీర్పు వినిపిస్తుంది. వాక్యాన్ని నమ్మేవాళ్ళకూ, లోకంతో రాజీపడేవాళ్ళకూ మధ్య పోరు అది. 1979లో వాక్యపక్షం గెలిచి సంఘాన్ని కాపాడింది. ఇప్పుడు స్త్రీ కాపరుల పేరిట అదే దుర్బోధ దొడ్డిదారిన వస్తోంది కనుక తలుపులు ఇంకా గట్టిగా బిగించాలి. డల్లాస్ నుంచి సెలవులకొచ్చిన బంధువు చెప్పినా, యూట్యూబ్ ప్రసంగీకుడు చెప్పినా సారం ఇంతే. వినడానికి బాగానే ఉంటుంది గానీ జరిగినదానికి ఈ కథ సరిపోదు.

వాక్యం విషయంలో భేదాలు లేవని నేననను. ఆదికాండం మొదటి అధ్యాయాలను ఎలా చదవాలన్న తగాదా సెమినరీల్లో 1960ల నుంచే ఉంది. ఆదివారం కానుక వేసే సామాన్య సభ్యుడికి, తన డబ్బుతో నడిచే సెమినరీలో ఏం చెబుతున్నారో నిలదీసే హక్కుంది. అంతవరకూ పేచీ లేదు. ఆ నిలదీత ఎటు వెళ్ళిందన్నదే పేచీ.

1979లో హ్యూస్టన్ మహాసభ ఏడ్రియన్ రోజర్స్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. వెనక నడిపించినవాళ్ళు ఇద్దరు: టెక్సస్ జడ్జి పాల్ ప్రెస్లర్, వేదాంత పండితుడు పేజ్ ప్యాటర్సన్. బైబిలుతో పాటు వీళ్ళు నిబంధనావళిని కూడా శ్రద్ధగా చదివారు. కన్వెన్షన్ అధ్యక్షుడికి చెప్పుకోదగ్గ అధికారం ఒక్కటే. ఆయన ఒక కమిటీని వేస్తాడు. ఆ కమిటీ ఇంకో కమిటీని ప్రతిపాదిస్తుంది. ఆ రెండోది సెమినరీలకూ మిషన్ బోర్డులకూ ట్రస్టీలను ప్రతిపాదిస్తుంది. ట్రస్టీలు ఏటా కొందరు చొప్పున మారుతుంటారు. కాబట్టి వరసగా పదేళ్ళు మనవాడే గెలిస్తే చాలు, ఆస్తులు, ఉద్యోగాలు, పాఠాలు అన్నీ మన చేతిలోకి వస్తాయి. వచ్చాయి కూడా. 1985 డల్లాస్ సభకు 45,000 మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. పంచాయతీ ఎన్నికలప్పుడు ట్రాక్టర్లలో జనాన్ని దింపడం చూసినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఎన్నికల్లో గెలవడం తప్పని ఎవరూ అనరు. అయితే గెలిచినదాన్ని పరిశుద్ధాత్మ కార్యమని మాత్రమే చెప్పి, లెక్కల సంగతి దాటేయడం నిజాయితీ కాదు.

ఓడినవాళ్ళలో కొందరు 1991లో బయటికి వెళ్ళి కోఆపరేటివ్ బాప్టిస్టు ఫెలోషిప్ పెట్టుకున్నారు. 2000లో కన్వెన్షన్ తన విశ్వాస ప్రకటనను తిరగరాసింది. బైబిలును క్రీస్తు అనే కొలమానంతో అర్థం చేసుకోవాలని 1963 ప్రకటనలో ఉన్న మాటను తీసేశారు. కాపరి పదవి పురుషులకే అని చేర్చారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆ ఏడాదే కన్వెన్షన్‌కు దూరమయ్యారు. తర్వాత విదేశాల్లో ఉన్న మిషనరీలను ఆ ప్రకటనకు సమ్మతి తెలపమన్నారు. ఒప్పుకోని పదుల మంది రాజీనామా చేశారు, లేదా ఉద్యోగం పోగొట్టుకున్నారు. మతవిషయాల్లో రాజుకు అధికారం లేదని 1612లో జేమ్స్ రాజుకే చెప్పి జైలుపాలైన తొలినాటి బాప్టిస్టు థామస్ హెల్విస్ వారసులు, సొంత మిషనరీల ముందు సంతకం కాగితం పెట్టారన్నమాట.

ఇక అసలు విషయానికి వస్తాను. బాప్టిస్టులకు ప్రాణసమానమైన సూత్రం స్థానిక సంఘ స్వయంప్రతిపత్తి. బిషప్పు ఉండడు. ఏ సంఘం కాపరిని ఆ సంఘమే పిలుచుకుంటుంది, దాని ఆస్తి దానిదే. పైనున్న కన్వెన్షన్ సహకారం కోసమే గానీ పెత్తనం కోసం కాదు. మంచి సూత్రం. దాన్ని ఎప్పుడు తీశారో, ఎప్పుడు అటకెక్కించారో వరసగా చూడండి.

2007లో వేడ్ బర్లెసన్ అనే ఓక్లహోమా కాపరి మహాసభలో ఒక ప్రతిపాదన పెట్టారు. లైంగిక నేరాలకు పాల్పడిన కాపరుల పేర్లతో ఒక జాబితా ఉండాలి, ఒక సంఘంలో నేరం చేసినవాడు ఇంకో ఊళ్ళో ఇంకో సంఘంలో చేరకుండా. మరుసటేడు కార్యనిర్వాహక కమిటీ కుదరదంది. కారణం? స్వయంప్రతిపత్తి. ప్రతి సంఘం స్వతంత్రం కదా, మేమెలా జోక్యం చేసుకుంటాం? 2019లో హ్యూస్టన్ క్రానికల్, శాన్ ఆంటోనియో ఎక్స్‌ప్రెస్-న్యూస్ పత్రికలు 20 ఏళ్ళ నేరాలను, సుమారు 700 మంది బాధితులను లెక్కగట్టి చూపాయి. 2022 మే నెలలో గైడ్‌పోస్ట్ అనే సంస్థ దర్యాప్తు నివేదిక వచ్చింది. కుదరదన్న ఆ కమిటీ కార్యాలయంలోనే ఒక ఉద్యోగి ఏళ్ళ తరబడి అలాంటి జాబితాను రహస్యంగా రాసి పెడుతూ వచ్చారని అందులో తేలింది. 700కు పైగా పేర్లు. అంటే జాబితా కుదిరింది. సంఘాలకు చెప్పడమే కుదరలేదు.

స్త్రీ కాపరి విషయంలో ఈ సూత్రం ఎక్కడా అడ్డు రాలేదు. రిక్ వారెన్ స్థాపించిన శాడిల్‌బ్యాక్ సంఘాన్ని, ఒక స్త్రీకి బోధక కాపరి బాధ్యత ఇచ్చినందుకు 2023లో వెళ్ళగొట్టారు. కెంటకీలోని ఫెర్న్ క్రీక్ సంఘం ముప్ఫై ఏళ్ళుగా ఒక స్త్రీని కాపరిగా ఉంచుకుంది. అన్నేళ్ళూ కన్వెన్షన్ దాన్ని బయటికి పంపలేదు. దాన్నీ బయటికి పంపారు. న్యూ ఆర్లీన్స్ మహాసభలో రెండు సంఘాలూ అప్పీలు చేసుకున్నాయి. దాదాపు పదిమందిలో తొమ్మిదిమంది వాటికి వ్యతిరేకంగా ఓటేశారు.

దీనికి సమర్థకులు చెప్పే జవాబు బలమైనదే. మేం సంఘంలో జోక్యం చేసుకోలేదు, దాని ఆస్తిని గానీ కాపరిని గానీ ముట్టుకోలేదు, ఎవరితో సహకరించాలో తేల్చుకునే హక్కు మాకూ ఉంది కదా అంటారు. ఉంది, నేనూ ఒప్పుకుంటాను. అయితే అదే జవాబు 2008లో ఏమైంది? నేరస్థుడిని దాచే సంఘంతో మాకు సహకారం లేదని అప్పుడు చెప్పలేకపోయారా? అలాంటి మార్గం అప్పటికి తెలియదనడానికి వీల్లేదు. 1992లోనే స్వలింగ సంబంధాల విషయంలో నార్త్ కరోలినా సంఘాలు రెండింటిని తొలగించి, మరుసటేడు నియమావళినే సవరించుకున్నారు. తాళంచెవి జేబులోనే ఉంది. ఏ గదికి తాళం వేయాలో ఎంచుకున్నారు.

ఆ ఎంపిక వేదాంతం నుంచి రాలేదు. ఎవరి మాట చెల్లాలన్నదాని నుంచి వచ్చింది. 1979 గెలుపును వెనక నడిపించిన ఆ ఇద్దరినే చూడండి. ప్యాటర్సన్ 2018లో సెమినరీ పదవి పోగొట్టుకున్నారు. విద్యార్థినుల అత్యాచార ఫిర్యాదుల విషయంలో ఆయన వ్యవహరించిన తీరే ముఖ్య కారణం. ప్రెస్లర్‌పై 2017లో లైంగిక దాడి ఆరోపణలతో దావా పడింది. ఆయన కాదన్నారు. కన్వెన్షన్ కూడా ప్రతివాదిగా ఉన్న ఆ దావా 2023 చివర్లో రాజీతో ముగిసింది. ఇద్దరు మనుషుల నడత మొత్తం ఉద్యమానికి రుజువు కాదని నాకు తెలుసు. కానీ నిఘా అంతా అధ్యాపకుల పాఠాల మీదే పెట్టి, నాయకుల నడతను వదిలేసిన వ్యవస్థకు ఇది రుజువే.

స్త్రీ బోధ అంటే వీళ్ళకు ఎప్పుడూ గిట్టలేదా అంటే అదీ కాదు. ఏటా క్రిస్మస్‌కు విదేశీ మిషన్ కోసం పట్టే కానుకకు లాటీ మూన్ పేరు. 1873లో చైనాకు వెళ్ళిన ఆమె, పురుషులు కూర్చుని వింటున్నా బోధించింది. ఆ పేరు చెప్పి కోట్ల డాలర్లు పోగవుతాయి. ఆమె ఇవాళ ఒక సంఘానికి కాపరిగా ఉంటే ఆ సంఘాన్ని ఎటు పంపేవారో!

మనకు ఈ గొడవ దూరపు సంగతి అనిపించవచ్చు గానీ, నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులకు దీని మూలాలతో నేరుగా సంబంధం ఉంది. శామ్యూల్ డే నెల్లూరుకు వచ్చిన 1840లో అమెరికా బాప్టిస్టులది ఇంకా ఒకే మిషన్ సంస్థ. బానిసల యజమానులను మిషనరీలుగా పంపబోమని ఆ సంస్థ బోర్డు తేల్చి చెప్పింది. దాంతో దక్షిణాదివారు 1845లో జార్జియాలోని అగస్టాలో విడిగా కన్వెన్షన్ పెట్టుకున్నారు. తెలుగు మిషన్ ఉత్తరాదివారి దగ్గరే ఉండిపోయింది. 1878లో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన మిషనరీ క్లౌ పనిచేసిన మిషన్ అదే. బాప్తిస్మం పొందినవారిలో అత్యధికులు మాదిగలు. బానిసత్వాన్ని సమర్థించినవాళ్ళు కూడా లేఖనాలనే చూపించారని వారి మనవలు మరచిపోకూడదు. దక్షిణ కరోలినా బాప్టిస్టు నాయకుడు రిచర్డ్ ఫర్మన్ 1822లోనే గవర్నరుకు ఆ వాదన రాసి పంపాడు. బానిసత్వాన్ని సమర్థించినందుకు కన్వెన్షన్ క్షమాపణ చెప్పింది 1995లో. వాక్యపక్షమని ఎవరు తమకు తాము పేరు పెట్టుకున్నా, ఏ వాక్యం, ఎవరి మీద అని అడగడం మన హక్కు.

చివరికి మిగిలే వాదన సంఖ్యలది. గట్టిగా నిలబడ్డ సంఘాలు పెరుగుతాయి, రాజీపడ్డవి కరిగిపోతాయి అంటారు. రాజీపడ్డాయంటున్న పాత శాఖలు బాగా కరిగిన మాట నిజమే. కానీ 2006లో కోటీ 63 లక్షలున్న సదరన్ బాప్టిస్టుల సంఖ్య 2024కి కోటీ 27 లక్షలకు పడింది. ట్రస్టీలంతా వాక్యపక్షంవాళ్ళే అయ్యాక జరిగిన తగ్గుదల ఇది. ఎవరి దుర్బోధ ఖాతాలో దీన్ని రాస్తారు?

స్త్రీ కాపరులున్న సంఘాలను బయటికి పంపే నిబంధనను నియమావళిలోకే ఎక్కించాలన్న సవరణ 2024లో ఇండియానాపొలిస్‌లో 61 శాతం ఓట్లతో ఆగిపోయింది. మూడింట రెండు వంతులు కావాలి. 2025 జూన్‌లో డల్లాస్‌లో మళ్ళీ పెట్టారు, మళ్ళీ అంతే. మూడోసారీ పెడతామని అప్పుడే అన్నవాళ్ళున్నారు. నేరస్థుల జాబితా కోసం తెరిచిన వెబ్‌సైట్‌లో 2024 సభనాటికి ఒక్క పేరూ లేదు. 2025 ఫిబ్రవరిలో కార్యనిర్వాహక కమిటీ అధిపతి, ప్రస్తుతానికి తమ దృష్టి దాని మీద లేదని చెప్పారు.