పటం చదివినవారికి కూడా దండం పెట్టాలి

పాత పటం గీసినవారి పేరు అందరూ చెబుతారు. దాన్ని ఓపికగా చదివినవారి పేరు కూడా చెప్పాలని నా అభిప్రాయం. అలాంటి ఒకరు ప్లాచిదో జుర్లా.

వెనిస్ దగ్గర సాన్ మికేలే దీవిలో ఒక క్రైస్తవ మఠం ఉండేది. 1450 ప్రాంతంలో ఫ్రా మౌరో అనే సన్యాసి అక్కడ పెద్ద ప్రపంచపటం చేశారు. అందులో దక్షిణం పైన ఉంటుంది. పటం నిండా చిన్న చిన్న రాతలే, దాదాపు 3,000. మూడున్నర శతాబ్దాల తర్వాత అదే మఠం సన్యాసి జుర్లా వాటిని చదివి, వివరించి, 1806లో పుస్తకం వేశారు. నాలుగేళ్లకే, 1810లో, నెపోలియన్ పాలనలో మఠం మూసేశారు. పటం వెనిస్‌లోని గ్రంథాలయానికి వెళ్లిపోయింది.

1818లో ఆయన మార్కో పోలో గురించి కూడా రాశారు. మన మోటుపల్లి గురించి, అక్కడి రాణి గురించి, వజ్రాల గురించి చెప్పిన పోలోనే!

మా ఇంట్లో అమ్మమ్మ ఉత్తరాలు ఒక డబ్బాలో ఉన్నాయి. తెలుగు చదవడం నాకు నేనే నేర్చుకున్నాను, కానీ ఆ గొలుసుకట్టు రాత అమ్మ సాయం లేకుండా అర్థం కాదు. ఇన్నాళ్లూ "తర్వాత చూద్దాం" అన్నాను. పోయిన ఆదివారం ఇద్దరం మొదటి ఉత్తరం తెరిచాం.

మీ ఇంట్లో కూడా అలాంటి డబ్బా ఉంటే, మఠం మూసేదాకా ఆగకండి.