పాత పత్రికలు – క్రొత్త ప్రతిరూపములు



పాత మాసపత్రికల ప్రతిరూపములు నేడు చరవాణి తెరమీదనే లభించుచుండగా, గ్రంథాలయములు కాగితపు సంపుటములను దాచుట యనావశ్యకమని కొందరు చెప్పుచున్నారు. బీరువాలు నిండినవి, చెక్కగుజ్జుతో చేసిన కాగితము ఆమ్లగుణముచే పెళుసై పొడియగుచున్నది, కావున తూకమునకు అమ్మివేయవచ్చునని వారి వాదము. ఇది మనకు పట్టని గొడవయని యూరకుండదగదు. ఏలయన, పాత పత్రికలు నశించినచో మొట్టమొదట మాసిపోవునవి స్త్రీల రచనలే.

పురుషుల రచనలు పెక్కులు పుస్తకరూపమున వెలువడినవి. స్త్రీల కథలును వ్యాసములును అనేకములు పత్రికలయందే నిలిచిపోయినవి. భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902 సం॥న 'హిందూసుందరి'లో ప్రకటింపబడెను. గురజాడవారి 'దిద్దుబాటు' వెలువడినది 1910లో. అయినను చిరకాలము 'దిద్దుబాటు'నే తొలి తెలుగుకథగా నెన్నుచుండిరి. పాత పత్రికలను వెదకినవారివలన అచ్చమాంబగారి కథ వెలుగులోనికి రాగా, ఆ తీర్పు మరల విచారణకు వచ్చినది. ఆ సంచికలను ఎవ్వరును దాచకున్నచో, యంత్రము దేనికి ఛాయాచిత్రము తీసియుండును?

ప్రతిరూపములవలని మేలును కాదనరాదు. కేసముద్రమందలి గృహిణికి, 1918లో స్థాపింపబడిన వేటపాలెము సారస్వత నికేతనమునకో, 1901 నాటి హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమునకో పోవుట సులభము గాదు. వంటపని ముగించుకొని యింటనే నూరేండ్లనాటి సంచికను చదువగలుగుట మహోపకారము. కాగితమునకు గండములును గలవు. 2000 సం॥ ఆగస్టునెల వరదలో హైదరాబాదునందలి సుందరయ్య విజ్ఞానకేంద్రపు ఉర్దూ గ్రంథభాండారము నీటిపాలయ్యెను. మన చెంతనే 2024 సెప్టెంబరు 1వ తేదీన ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుపట్టాల క్రింది కట్టయే కొట్టుకొనిపోయినదిగదా! ఇక పుస్తకముల మాట చెప్పనేల?

కాని ప్రతిరూపమునకును గండములు తప్పవు. పుటలు తప్పిపోవును; ఒత్తులు మసకబారును; అట్టలును ప్రకటనలును విడువబడును. ఆనాటి చీరల వెలలును, మందుల పేర్లును తెలియునది ఆ ప్రకటనలవలననే! మూలమున్నచో లోపమును సరిదిద్దుకొనవచ్చును. మూలము లేనిచో లోపమే శాశ్వతమగును. అంతేకాదు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను కోశము మూతపడిన పిదప, అందలి గ్రంథములు పెక్కులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేరుగా దాచిన ప్రతులవలననే మనకు దక్కినవి. ఒక్కచోటనే యున్నది ఉన్నట్లు గాదు.

ఎంత కరవు వచ్చినను ఇల్లాలు విత్తనపు గింజను ఎసటిలో పోయదు. ప్రతి గ్రామ గ్రంథాలయమును ప్రతి పత్రికను దాచవలెనని నేననను. ఒక్కొక్క పత్రికకు సంపూర్ణమైన కాగితపు ప్రతి, వేర్వేరు ఊళ్లయందు, కనీసము రెండు గ్రంథాలయములలో నుండవలయును. పుటపుటయు సరిచూడనిదే యే సంపుటమును తొలగింపరాదు. అదనపు ప్రతులను లేనిచోటికి పంపవలయును.

మనవంతు పనియు గలదు. అటకమీది కట్టలను పాతకాగితములవానికి తూచి యిచ్చుటకు ముందు, పత్రిక పేరును సంవత్సరమును చూచి, దాపునగల గ్రంథాలయమునకు తెలియజేయుడు. మరెచ్చటను మిగులని ఒక స్త్రీ రచన ఆ కట్టలోనే యుండవచ్చును.