అశోక్‌నగర్ ముచ్చట్లు – 9: నువ్వు పేతురువి కాదు తమ్మీ



పోయిన భాగంలో హాస్టల్ అద్దెల గురించి రాశాను. ఈసారి అద్దె కంటే బరువైన సంగతి.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ బయట ఒక తమ్ముడు కలిశాడు. మూడేళ్లుగా గ్రూప్స్‌కి చదువుతున్నాడు. అశోక్‌నగర్‌లో నలుగురుండే గది. పగలంతా లైబ్రరీ, ఆదివారం పొద్దున నారాయణగూడలో ఆరాధన. నెల రోజులుగా పుస్తకం తెరవట్లేదట. "అన్నా, మోకాళ్లూనితే నోట మాట రావట్లే. నాది ఆత్మీయ పోరాటం" అన్నాడు.

ఏమైందిరా అంటే మెల్లగా చెప్పాడు. హాస్టల్ ప్రార్థన కూటానికి వచ్చే ఒక పాస్టరుగారు పేతురు కథ చెప్పారట. కోడి కూయకముందే ప్రభువును మూడుసార్లు ఎరగనన్న పేతురు. "మీలోనూ అట్లాంటోళ్లున్నారు. కులం సర్టిఫికెట్ కోసం ఒకసారి, అప్లికేషన్‌లో ఒకసారి, వెరిఫికేషన్‌లో ఒకసారి. అందుకే ఉద్యోగం రావట్లేదు. ఒప్పుకోండి, ఓర్చుకోండి" అన్నారట.

తమ్ముడి తాత కాలంలోనే ఇంట్లో బాప్తిస్మాలయ్యాయి. కాగితం మీద మాత్రం హిందూ మాదిగ. కూటంలో ఆ మాట విన్నప్పట్నుంచి వాడికి నిద్ర లేదు.

ఈ వ్యాసం ఆ పాస్టరుగారికి జవాబు. ఆయనొక్కరికే కాదు, వేదిక మీద నిలబడి పేదోడి మెడ మీద పాపం మోపే ప్రతి ఒక్కరికీ.

అయ్యగారూ, ఆ కాగితం మీద అబద్ధం రాయించింది ఎవరు? 1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, మూడో పేరా. హిందువు కానివాడు ఎస్సీ కాడని రాసి పెట్టింది. 1956లో సిక్కు దళితులను చేర్చారు. 1990లో బౌద్ధ దళితులను చేర్చారు. క్రైస్తవ దళితుడు, ముస్లిం దళితుడు ఇంకా గుమ్మం బయటే ఉన్నారు. తెలంగాణలో ఎస్సీలకు 15 శాతం. అదే మాదిగ ఇంటి బిడ్డ క్రైస్తవుడినని రాస్తే బీసీ-సి, అక్కడున్నది 1 శాతం. మునిగి లేచినంత మాత్రాన ఊళ్లో వాడి ఇల్లు పల్లె నుంచి నడిబజారుకు వచ్చిందా?

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమంది. రిపోర్టు మూలకు పోయింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు, రెండేళ్లన్నారు, మళ్లీ గడువు పెంచారు. 2024 నవంబరు 26న, సరిగ్గా రాజ్యాంగ దినోత్సవం నాడు, విశ్వాసం ఒకటి, రిజర్వేషన్ కోసం చెప్పేది ఇంకొకటి అయితే అది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు తేల్చింది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన ఒక పాస్టరుకు అట్రాసిటీ చట్టం వర్తించదని కేసు కొట్టేసింది. కులం పేరుతో కొట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి కొడతాడా?

కోర్టు మోసం అంటుంది, పాస్టరుగారు పాపం అంటారు. రెండు వేళ్లూ ఒకే పిల్లగాడి వైపు. మూడో పేరా వైపు చూపే వేలు ఏది?

పేతురు కథ చెప్పారు, బాగుంది. మరి నయమాను కథ ఎందుకు చెప్పరు? రాజుల రెండో గ్రంథం అయిదో అధ్యాయం. అతను యెహోవాను నమ్మాడు. కానీ తన కొలువు అట్లాంటిది, రాజు రిమ్మోను గుడికి పోతే పక్కన తానూ వంగాలి. ఆ ఒక్క విషయంలో క్షమాపణ దొరుకుతుందా అని ప్రవక్తనే అడిగాడు. ఎలీషా తిట్టలేదు, కొలువు మానమనలేదు. సమాధానంతో వెళ్లమన్నాడు. సేనాధిపతికి దొరికిన సమాధానం మా మాదిగ పిల్లగాడికి ఎందుకు దొరకదు?

రెండు నాలుకల బతుకు మంచిదని నేననట్లేదు. అది లోపల కోస్తూనే ఉంటుంది, తమ్ముడే సాక్ష్యం. ఆ కత్తి ఎవరి చేతిలో ఉందో చూడమంటున్నాను.

ఇక ఓర్పు. మనోళ్ల ఓర్పు ఎట్లాంటిదో ఒంగోలుకు పోయి చూద్దాం. తాళ్ళకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారి, 1866లో క్లౌ దొర చేత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ సంఘంలో చేరినవాళ్లకు మూడు నియమాలు: విగ్రహాలకు మొక్కొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, ఆదివారం పని చేయొద్దు. చూడటానికి మతం నియమాలే. ఊరి పెద్దలకు మాత్రం అవి సమ్మె నోటీసులా వినబడ్డాయి. జాతరకు డప్పు కొట్టమన్నారు మనోళ్లు. ఈరోజు డప్పు మన ఆత్మగౌరవం, ఆరోజు అది వెట్టి. ఊరు పనులు ఆపింది, నీళ్లు ఆపింది, కొట్టింది. అయినా వెనక్కి పోలేదు.

గింజల కోసం చేరారంటారు కదా? 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పని ఇప్పించిన క్లౌ, ఆ కరువులో ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాకే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. తిండి కోసమైతే కరువు పోయాక ఎందుకు వస్తారు?

అదీ మన ఓర్పు. దెబ్బలకు వంగడం కాదు, నిలబడ్డ చోటు నుంచి కదలకపోవడం.

విసుగు లేకుండా ప్రార్థన చేయాలని చెప్పడానికి యేసు ఎవరిని చూపించాడు? లూకా పద్దెనిమిదో అధ్యాయం తీయండి. న్యాయం చేయని న్యాయాధిపతి గుమ్మం దగ్గర రోజూ నిలబడి, వాణ్ణి విసిగించి తీర్పు రాబట్టుకున్న విధవరాలిని. ఆమె గదిలో తలుపేసుకుని ఏడ్వలేదు. 2024 అక్టోబరులో జీవో 29 రద్దు చేయమని ఈ అశోక్‌నగర్ రోడ్ల మీద లాఠీలకు ఎదురు నిలిచిన పిల్లలను చూస్తే నాకు ఆమే యాదికొచ్చింది.

కాబట్టి అయ్యగారూ, ఆగస్టు 10ని దేశంలో ఎన్నో సంఘాలు బ్లాక్ డేగా పాటిస్తాయి. మీ వేదిక మీద ఆ మాట ఎన్నిసార్లు వినిపించింది? కానుకల సంచీలో దళితుడి నోటు చెల్లుతుంది, ప్రసంగంలో వాడి మూడో పేరా చెల్లదా?

మన కామ్రేడ్లకూ ఒక మాట. చర్చికి పోయేవాణ్ణి చూసి నవ్వకండి. వాడు కూలే రోజు వాడి పక్కన కూర్చునేది మీరో, ఆ కూటమో తేల్చుకోండి.

తమ్మీ, కోడి కూసింది. ఏడవాల్సింది నువ్వు కాదు, డెబ్బై అయిదేళ్లుగా నిన్ను ఎరగనంటున్న రాజ్యం. రేపు పొద్దున లైబ్రరీకి రా. పుస్తకం తెరువు. సాయంత్రం ఇద్దరం కూర్చుని పిటిషన్ రాద్దాం. అది కూడా ప్రార్థనే.

జై భీమ్.

(పదో భాగం వచ్చే ఆదివారం)